ఉల్లిగడ్డల మరుగుదొడ్డి

మా ఇంటి వెనక సర్కారు కట్టించిన మరుగుదొడ్డిలో నాలుగేళ్ల పాటు ఉల్లిగడ్డలే ఉన్నాయి. గోడ మీద పసుపు రంగుతో మా అన్న పేరు రాసి, తలుపు ముందు నిలబెట్టి ఫొటో తీసుకుపోయిన రోజు సాయంత్రమే అమ్మ అందులో ఉల్లి పోసింది. పైన రేకు ఉంది, పక్కన జాలీ ఉంది, తలుపుకి గడియ ఉంది. ఉల్లి కుళ్లకుండా దాచుకోవడానికి అంతకంటే మంచి చోటు మా ఊళ్లో లేదు. అందరి ఇళ్లలోనూ అంతే. పక్కింటి చంద్రకళా బాయి వాళ్లది పిడకలతో నిండి ఉండేది. తెల్లవారకముందే డబ్బాలు పట్టుకుని వాగు అవతలి తుమ్మచెట్ల వైపు పోవడం మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటు.

బీడ్ జిల్లాలో మాలాంటి ఊళ్లకి ఆరు నెలలే మనుషులు. దసరా దాటగానే జంటలు జంటలుగా పడమటి చక్కెర కార్ఖానాల వైపు చెరుకు కొట్టడానికి వెళ్లిపోతారు. ఒక మగ, ఒక ఆడ కలిస్తే ఒక కొయ్తా. కొయ్తా అంటే కొడవలి. మనుషులిద్దరినీ కలిపి ఆ పేరుతోనే పిలుస్తారు. మా అన్న అంగద్, వదిన కాళిందా ఒక కొయ్తా. నేను పదో తరగతి వరకు ఊరి బడిలో చదివి, అమ్మతో పాటు ఇంటి దగ్గరే ఉండి, వదిన కూతురు పారూని చూసుకునేదాన్ని.

ఆ ఏడు వేసవిలో వదిన తిరిగి వచ్చినప్పుడు ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. కార్ఖానా దగ్గర గుడిసెల్లో ఉన్నప్పుడే రక్తం పోవడం మొదలైందట. మూడు నెలలైనా ఆగలేదు. ఎవరికీ పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. "సంచి చెడింది" అన్నారు. మా వీధిలో ముప్పై దాటిన ఆడవాళ్లు పదకొండు మంది ఉంటే, ఏడుగురికి గర్భసంచి లేదు. అమ్మ సంచి ఇరవై ఎనిమిదో ఏట తీశారు. వదిన తల్లిది, పెద్దక్కది కూడా తీసేశారు. నడుం నొప్పి వచ్చినా, తెల్లబట్ట అయినా, రక్తం పోయినా మా దగ్గర జవాబు ఒక్కటే.

మా జట్టుకి ముఖద్దం లింబాజీ కాకా. జనాన్ని పోగుచేసి కార్ఖానాకి తీసుకుపోయేది ఆయనే. ఆయనే వదినని పట్నంలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ డాక్టరు పొట్ట మీద మిషను తిప్పి, ఐదు నిమిషాల్లో సంచి వాచింది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుందన్నాడట. ఎడ్ల పండగ పోలా వెళ్లాక వచ్చే గురువారం మూడు ఆపరేషన్లు. అందులో వదినది ఒకటి. వదినకి అప్పుడు ఇరవై నాలుగేళ్లు.

"రెండో బిడ్డ?" అని ఒకసారి అడిగాను.

"ఉన్న ఒక్కదాన్నే నువ్వు సాకుతున్నవు" అంది వదిన నవ్వుతూ. కొంచెం ఆగి, "పారూకి ఒక తమ్ముడో చెల్లెలో ఉంటే బాగుండు అనుకున్న" అని గిన్నె తోముకుంటూ పోయింది. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

శ్రావణంలో వాన పట్టుకుంది. నేను అటుకులు బాగుచేస్తూ గడప మీద కూర్చుంటే, వదిన డబ్బా తీసుకుని పోవడం, రావడం, మళ్లీ పోవడం కనిపించేది. మొదట లెక్కపెట్టలేదు. ఒకరోజు లెక్కపెట్టాను. మధ్యాహ్నం లోపల ఎనిమిది సార్లు. పోయేటప్పుడు పరుగు, వచ్చేటప్పుడు కాళ్లీడ్పు.

"ఏమన్న పడలేదా వదినా?"

"ఏం లేదు. పోవాలనిపిస్తది. పోతే ఏమీ రాదు. లేచి నాలుగడుగులు వేస్తే మళ్లీ పోవాలనిపిస్తది."

"అమ్మకి చెప్పలేదా?"

"చెప్పిన. సంచి బరువుకి కింద అదుముతదట. తీసేస్తే అదీ పోతదట."

మరునాడు వాగు గట్టు మీద జారి పడింది. చీరంతా బురద. మోచేయి గీసుకుపోయింది. ఆ సాయంత్రం నేను మరుగుదొడ్డి గడియ తీసి ఉల్లి బయటికి తోడడం మొదలుపెట్టాను. ఇంకేమీ ఆలోచించి చేసింది కాదు. వదిన ఆ బురదలో పోకూడదు, అంతే.

అమ్మ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "ఏం పని చేస్తున్నవే పిల్లా? ఉల్లి ఏడ పెడ్తవ్? నీ నెత్తి మీదనా?"

"మంచం కింద పెడ్త."

"మంచం కింద పెడితే మొలకలొస్తయి. అప్పుడు ఎవడికి అమ్ముతవ్? పొయ్యికి ఆరడుగుల దూరంల దొడ్డికి పోతరా ఎవరన్న? నలుగురు చూస్తే ఏమనుకుంటరు, వీళ్లకి పక్షవాతం వచ్చిందా అనుకోరా?"

"వాన తగ్గినాంక మళ్లీ పోద్దాం ఉల్లి."

అడుగున పొట్టు, మట్టి, చచ్చిన తేలు ఒకటి. వాటి కింద పింగాణీ పళ్లెం. ఇటుక పొడితో, చింతపండుతో మూడు రోజులు తోమాను. నాలుగో రోజుకి తెల్లగా అయింది. మా ఇంట్లో అంత తెల్లటి వస్తువు ఇంకోటి లేదు.

వదిన మొదట ఒప్పుకోలేదు. "మూసిన గదిలో నాకు రాదే" అంది. కాని ఆ రోజు వాన ఆగలేదు, కడుపు ఆగలేదు. డబ్బాతో లోపలికి పోయింది. చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత తలుపు కొంచెం తెరిచి, "సుమన్, ఒక్కసారి ఇటు రా" అంది.

వెళ్లాను. నీళ్లు పోయలేదు తను. తెల్ల పళ్లెంలో మలం బొటనవేలంత కూడా లేదు. దాని చుట్టూ రక్తం. రక్తంతో కలిసి, ఉడికిన సగ్గుబియ్యం జిగురులాంటిది సాగుతూ ఉంది.

"ఇది ముందు నించి రాలేదే" అంది వదిన మెల్లగా. "వెనక నించి వచ్చింది. ఇప్పుడు చూసిన."

అన్ని నెలలుగా తనకే తెలియదు. తెలిసే వీలూ లేదు. చెరుకు దగ్గర పొద్దున నాలుగింటికి ట్రాక్టరు మోగుతుంది. అప్పటికి ఆడవాళ్లంతా చీకట్లో చెరుకాకుల మధ్య కూర్చుని, లేచి, పరుగెత్తాలి. తడి తగిలింది, కడుక్కుంటే చేతికి ఎరుపు కనిపించింది, చీరకి మరక అయింది. రక్తం పోతుంది అంటే సంచే అని తల్లి చెప్పింది, అత్త చెప్పింది, చివరికి డాక్టరు కూడా అదే చెప్పాడు. ఎవరూ చూడలేదు. అడగనూ లేదు.

"ఒక్కసారికి ఏం తెలుస్తది వదినా? రెండు రోజులు చూద్దాం" అన్నాను. పాత తెల్ల ధోవతి చింపి ఇచ్చాను. నెలసరికి ఇంకా పది రోజులుంది. రక్తం సంచి నుంచి అయితే గుడ్డ ఏ వేళలోనైనా తడవాలి. రెండు రోజులూ వదిన గుడ్డ కట్టుకుని సోయా చేలో కలుపు తీసింది, నీళ్లు మోసింది. గుడ్డ ముందు భాగం ఇచ్చినప్పటంత తెల్లగా ఉంది. వెనక వైపు మాత్రం రూపాయి బిళ్లంత జిగురు మరక. పళ్లెంలో మాత్రం పోయిన ప్రతిసారీ ఎరుపే.

అన్నకి చెబితే చేతులు దులుపుకున్నాడు. "ఆడోళ్ల సంగతి నాకేం తెలుసు? డాక్టర్ చెప్పిండు కదా."

పోలా మరునాడు అమ్మ ఉల్లి ఏరుతూ కూర్చుంది. మంచం కింద నిజంగానే మొలకలొచ్చాయి. ఒక్కో మొలక తుంచి నా వైపు చూపించి పక్కన పడేస్తోంది. నేను ఎదురుగా కూర్చుని నేనూ ఏరసాగాను.

"అమ్మా, నీ సంచి ఎందుకు తీసిండ్రు?"

"ఎందుకేంది? రక్తం పోతుండె."

"తీసినాంక ఆగిందా?"

"నెలసరి ఆగింది."

"ఇంకోటి?"

అమ్మ చేతిలోని ఉల్లిగడ్డ పొట్టు తీసింది. ఎండు పొట్టు అయిపోయాక పచ్చి పొర కూడా తీసింది. కళ్లలో నీళ్లు వచ్చినా తుడుచుకోలేదు.

"అది ఇప్పటికీ ఉంది" అంది చివరికి. "గట్టిగ అయినప్పుడు బొట్లు బొట్లుగ పడుతది. నెలకొకసారో రెండుసార్లో. సంచి పోయినా ఒంట్ల వేడి మిగిలింది అనుకున్న. ఎవరికి చెప్తం ఇసుంటివి?"

"ఇరవై ఏళ్ల నించా?"

"పారూని పిలువు, అన్నం తింటది" అంది అమ్మ, లేచిపోయింది.

బుధవారం సాయంత్రం లింబాజీ కాకా మోటారు సైకిల్ మీద వచ్చాడు. దిగకుండానే అరిచాడు. "అంగద్! రేపు పొద్దున ఏడింటికి జీపు. ఒట్టి కడుపుతో రమ్మను. ఎనిమిది రోజులు పడుకోవాలె, దసరా నాటికి చెరుకు మోస్తది. సంచి లేకుంటే ఇంకా మంచిది, నెలకి నాలుగు రోజుల నాగా ఉండదు. ఆమె సుఖపడుతది, నేను సుఖపడుత."

వదిన తలుపు వెనక ఉంది. అన్న తల ఊపబోతున్నాడు. నేను నాలుగు మాటలు కూడబెట్టుకుని ఉంచుకున్నాను.

కాని మాట్లాడింది అమ్మ. వాకిట్లో చీపురు కింద పెట్టి, కొంగు తల మీదికి లాక్కుంది.

"కోడలు రాదు లింబాజీ."

"ఎందుకు రాదు గయాబాయీ? అంతా మాట్లాడి పెట్టిన. డాక్టరు కంటె నీకెక్కువ తెలుసా?"

"నాకేం తెలుసు? నాకు తెలిసింది ఒక్కటే. నా సంచి పోయి ఇరవై ఏళ్లయింది. రక్తం పోవుడు పోలె."

లింబాజీ కాకా అన్న వైపు చూశాడు. అన్న నేల వైపు చూశాడు.

"మరి ఏం చేస్తరు?"

"పెద్ద దవాఖానకి పోతం. ఇంకో డాక్టర్ని అడుగుతం. నన్ను కూడ చూపించుకుంట."

ఆయన తంబాకు ఉమ్మేసి బండి స్టార్ట్ చేశాడు. "దసరాకి కొయ్తా వస్తదా, రాదా? అది చెప్పు నాకు."

"వస్తది" అంది తలుపు వెనక నుంచి వదిన.

మరునాడు జీపు మిగిలిన ఇద్దరితో పోయింది. మేము ముగ్గురం జిల్లా దవాఖానకి బస్సెక్కాం. వదిన కోసం దారిలో రెండు చోట్ల బస్సు ఆపించాల్సి వచ్చింది. రెండోసారి కండక్టరు గొణిగాడు. అమ్మ, "నీ తల్లికి వస్తే ఆపవా?" అంది. మూడోసారి అడగకముందే ఆపాడు.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ముందున్న వరుస చూసి తొందరపడుతుందనుకున్నాను. పడలేదు. వదినని కూర్చోబెట్టి అడిగింది.

"రక్తం ఎక్కడి నుంచి వస్తోంది?"

వదిన నా వైపు చూసింది. ఆ ప్రశ్న ఆమెను అడిగిన మొదటి మనిషి ఈమె.

"వెనక నించి. మేము చూసినం" అంది వదిన.

"మలంలో కలిసా, తర్వాత బొట్లుగానా? జిగురు ఉందా? పోయి వచ్చాక కూడా ఇంకా మిగిలినట్టు ఉంటుందా? రాత్రి నిద్రలో లేస్తావా?"

ఒక్కొక్కదానికీ వదిన జవాబు చెప్పింది. జ్వరం ఉందా, బరువు తగ్గిందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని కూడా డాక్టరమ్మ అడిగింది. నొప్పికి ఏం వేసుకుంటావంటే, వదిన కొంగు ముడి విప్పి ఎర్ర బిళ్లలు చూపించింది. చెరుకు కొట్టేవాళ్లు వాటిని రోజుకి రెండు మూడు మింగుతారు, ముఖద్దమే పంచుతాడు. డాక్టరమ్మ వాటిని తీసుకుని తన సొరుగులో వేసుకుంది.

"ఇవి మానెయ్. నడుం నొప్పికి వేరేది ఇస్తాను. ఈ జబ్బుని ఇవి రెచ్చగొడతాయి."

మలం పరీక్షకి పంపింది. మూడు రోజుల తర్వాత రమ్మని, అప్పుడు ఎడమ పక్కకి పడుకోబెట్టి సన్నని గొట్టంతో లోపల చూసింది. గోరంత ముక్క తీసి పరీక్షకి పంపింది. నొప్పి కంటే సిగ్గే ఎక్కువ అంది వదిన తర్వాత. అమ్మ వంతు వచ్చినప్పుడు అమ్మ, "నన్ను చూడకపోతే ఏమాయె, ముసలిదాన్ని" అని లేవబోతే, వదిన చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

ఫలితాలు వచ్చిన రోజు డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసింది. పెద్దపేగు గుమ్మం కమానులా పైకెక్కి, దిగి, చివర ఒక చిన్న తిన్నటి సంచిలా ఉంది.

"ఇదిగో, ఈ చివర. జానెడు కూడా ఉండదు. మలం ఆగేది ఇక్కడే. నీకు దీని లోపలి పొర వాచి, పుళ్లు పడి ఉంది. అందుకే ఏమీ లేకపోయినా నిండుగా ఉన్నట్టు అనిపిస్తుంది, పరుగెత్తిస్తుంది. పైకి పాకలేదు, అది మంచి సంగతి. కొందరికి పేగంతా పాకుతుంది."

"అమీబానా?" అన్నాను. బడిలో చదివింది అదొక్కటే గుర్తుంది.

"అది చూశాను, లేదు. మొగుడి నుంచి అంటుకునే జబ్బులు కొన్ని ఇలాగే కనిపిస్తాయి, అవీ లేవు." వదిన తల దించుకుంది. "ఇది ఒంట్లోని కాపలావాడే దారి తప్పి సొంత ఇంటి మీద రాళ్లేసినట్టు. ఎందుకు అలా చేస్తాడో మాకూ పూర్తిగా తెలియదు."

"కారం తిన్నందుకా?" అంది వదిన.

"కాదు. మంటగా ఉన్నప్పుడు తగ్గించు, అంతే."

"మరి సంచి?"

"గర్భసంచి బాగుంది. మళ్లీ స్కాన్ చేయించాను కదా."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

"తీయనక్కర లేదా?" అని వదిన మూడోసారి అడిగింది. డాక్టరమ్మ విసుక్కోకుండా మూడోసారీ చెప్పింది.

అమ్మది మొలలు. లోపల ఉబ్బిన నరాలు, ముక్కితే చిట్లి బొట్లు పడతాయంది. వాటిలో జిగురు ఉండదు, పరుగు ఉండదు. అయితే వయసు వల్ల పేగంతా ఒకసారి చూడాలని ఇంకో రోజు రమ్మంది. అమ్మ అన్నీ విని ఒకటే అడిగింది. "అప్పుడు నన్ను కూడ ఇట్ల అడిగి ఉంటే, నా సంచి ఉండేదా?"

డాక్టరమ్మ కలం మూత పెట్టింది. "ఇప్పుడు చెప్పలేను బాయీ" అంది.

వదినకి ఇచ్చిన మందు మింగేది కాదు. సగం వేలంత ఉండి, మైనంలా మెత్తగా ఉంటుంది. పడుకునే ముందు వెనక నుంచి లోపలికి పెట్టుకుని ఎడమ పక్కకి పడుకోవాలి. రక్తం పెంచడానికి ఇనుము బిళ్లలు వేరే. మందు తెచ్చిన రోజు వదిన ఒకటి చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"నిజంగ లోపలికేనా? డాక్టరమ్మ ఎగతాళి చేయలేదు కదా?"

"మరి పొయ్యిల పెడ్తవా?" అంది అమ్మ. "ఇన్ని నెలల సంది సంచి, సంచి అన్నం. చోటు తెలిసినాంక గూడ తప్పు చోట పెడితే మనంత తెలివిగలోళ్లు ఉండరు."

ముగ్గురం నవ్వాం. పారూకి ఎందుకో తెలియక అది కూడా నవ్వింది.

మొదటి డబ్బా పాడైంది. వదిన దాన్ని రేకు కింద ట్రంకు పెట్టెలో దాచింది. నాలుగు రోజులకి తెరిస్తే వెన్నముద్దల్లా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అప్పటి నుంచి కుండలో తడి ఇసుక పోసి, దాని మధ్య చిన్న ముంత పెట్టి, అందులో పెడుతున్నాం. చెరుకు దగ్గర గుడిసెల్లో కూడా ఇలాగే పెట్టుకోవచ్చు. ఇసుక అక్కడ దొరుకుతుంది, ముంత వెంట పోతుంది.

రెండు వారాలకి పరుగు తగ్గింది. మూడో వారం చివర ఒక పొద్దున వదిన మరుగుదొడ్డి నుంచి వచ్చి, "తెల్లగనే ఉంది" అంది. అంతే అంది. మందు ఇంకా చాలా నెలలు వాడాలి, ఆగిపోయినా మళ్లీ రావచ్చు, వస్తే వెంటనే రావాలి, జ్వరమో పొట్ట ఉబ్బో వస్తే అసలు ఆగకూడదు అని డాక్టరమ్మ చీటీ మీద రాసిచ్చింది. ఆ చీటీని నేను పెద్ద అక్షరాలతో మళ్లీ రాసి ముంత మూతకి కట్టాను. ట్రాక్టరు మోగినా మోగకపోయినా పొద్దున పది నిమిషాలు తనవేనని వదిన అన్నకి చెప్పింది. అన్న సరే అన్నాడు. లింబాజీ కాకాకి ఎవరు చెబుతారన్నది ఇంకా తేలలేదు.

ఉల్లి మళ్లీ అందులోకి పోలేదు. అమ్మ కొత్తగా వెదురు తడిక అల్లించి పెరట్లో పోసింది. పొద్దున అమ్మే ముందు లోపలికి దూరుతుంది, వదిన బయట నిలబడి, "అత్తా, లోపల వంట చేస్తున్నవా ఏంది?" అని కేకలేస్తుంది.

దసరాకి వారం ముందు, పట్టపగలు చంద్రకళా బాయి డబ్బా పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. ఆమె సంచి ఆపరేషను కూడా అప్పటికే ఖాయమై ఉంది, ఇంకా కాలేదు. ఊరికే వచ్చినట్టు కాసేపు మాట్లాడి, "సుమన్, మీ దాంట్లకు ఒకసారి పోవచ్చా?" అని అడిగింది.

పొద్దునే తోమాను, తెల్లగా ఉంది. ఆమె లోపలికి పోయి గడియ వేసుకుంది. నేను, వదిన గడప మీద పల్లీలు వలుస్తూ కూర్చున్నాం, అటు చూడకుండా.

చాలాసేపటికి వచ్చింది. డబ్బా కింద పెట్టి తల అడ్డంగా ఊపింది.

"నాది నీలెక్క కాదు కాళిందా. ముందు నించే."

వదిన ఒళ్లో పొట్టు దులుపుకుని లేచింది.

"అయితే ఏమైంది? అదే డాక్టరమ్మ దగ్గరికి పోదాం. ముందో వెనకో, ఆమె అయితే అడుగుతది" అని, చెప్పులు వెతుక్కుంటూ, "రేపటి బస్సు ఎన్నింటికే సుమన్?" అంది.